పీఎస్5 ఇప్పుడే కొనాలా, పీఎస్6 వరకు ఆగాలా? కన్సోల్ వార్తలు, వదంతులపై చర్చ

గౌతమి (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఇప్పటికీ సోనీ గేమ్ యంత్రం (కన్సోల్) పీఎస్4, అంటే ప్లేస్టేషన్ 4 మీదే ఆడుతున్నాం. సంక్రాంతికి పీఎస్5 కొందామని నేనూ తమ్ముడూ కలిసి డబ్బు కూడబెట్టాం. తీరా కొనే సమయానికి వాడు రోజుకో కొత్త వార్త మోసుకొస్తున్నాడు. పీఎస్6 2027లో వచ్చేస్తుందట. మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ ఇక కన్సోల్ తయారీయే మానేస్తుందట. మెమరీ చిప్‌లకు కరువొచ్చి కొత్త సంవత్సరంలో అన్నిటి ధరలూ పెరుగుతాయట. జీటీఏ 6 (గ్రాండ్ థెఫ్ట్ ఆటో 6) గేమ్ మళ్లీ వాయిదా పడుతుందట. వీటిలో ఏది నిజం, ఏది గాలివార్త? ఇప్పుడు 2025 డిసెంబరు మొదటి వారంలో ఉన్నాం, పండుగకు ఇంకా నెల పైనే ఉంది. నిదానంగా ఆలోచించే వ్యవధి ఉంది కాబట్టి తెలిసినవారు వివరంగా చెప్పండి.

శ్రీధర్ (హనుమకొండ)

గౌతమి గారూ, ఈ నాలుగింటినీ ఒకే గాటన కట్టకండి. ముందు పీఎస్6 సంగతి చెబుతాను.

పీఎస్3 2006 నవంబరులో, పీఎస్4 2013 నవంబరులో, పీఎస్5 2020 నవంబరులో వచ్చాయి. ఏడేళ్లకొకటి. 2027 అనే మాటకు మూలం చాలావరకు ఈ లెక్కే. సోనీ ఇప్పటికీ ఏ సంవత్సరాన్నీ ప్రకటించలేదు. మొన్న అక్టోబరు 9న పీఎస్5 రూపకర్త మార్క్ సెర్నీ, చిప్‌ల సంస్థ ఏఎండీకి చెందిన జాక్ హ్యూన్ కలిసి ఒక వీడియోలో మాట్లాడారు. రే ట్రేసింగ్ (వెలుగునీడలు నిజంగా ఉన్నట్టు చూపే లెక్కలు) భారాన్ని మోయడానికి రేడియన్స్ కోర్లు, చిత్రాన్ని మెరుగుపరిచే లెక్కలకు న్యూరల్ అరేలు, మెమరీ మీద ఒత్తిడి తగ్గించే కొత్త కంప్రెషన్ పద్ధతి, ఇలా మూడు విషయాలు చెప్పారు. కొన్నేళ్లలో రాబోయే కన్సోల్‌లో వీటిని వాడతామన్నారు. అదే వీడియోలో సెర్నీ ఇంకో మాట కూడా అన్నారు: ఇవన్నీ ప్రస్తుతానికి సిమ్యులేషన్‌లోనే, అంటే కంప్యూటర్ నమూనాగానే ఉన్నాయని. వీడియోలు చేసేవారిలో చాలామంది ఆ వాక్యాన్ని వదిలేశారు. నాకు అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం అదే.

యాక్టివిజన్ అనే గేమ్ సంస్థ కొనుగోలు కేసులో మైక్రోసాఫ్ట్ 2023లో అమెరికా కోర్టులో వాదించినప్పుడు తర్వాతి తరం కన్సోళ్లు 2028లో వస్తాయన్న అంచనాతో మాట్లాడింది. అదీ అంచనాయే.

ఒకవేళ 2027లోనే వచ్చిందనుకుందాం. పీఎస్5 వచ్చాక పీఎస్4 ఏమీ మూలన పడలేదు. హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్, గ్రాన్ టురిస్మో 7, గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ గేమ్‌లు మూడూ 2022లో పీఎస్4కి కూడా వచ్చాయి. సెప్టెంబరు చివరికి 8.42 కోట్ల పీఎస్5లు దుకాణాలకు చేరాయి. అంతమంది కొనుగోలుదారులను ఏ గేమ్ సంస్థా ఒక్కసారిగా వదులుకోదు. ఇప్పుడు కొంటే 2029 దాకా మీకు ఢోకా ఉండదని నా నమ్మకం.

చిన్నా (తెనాలి)

శ్రీధర్ అన్నా, చాలామంది పీఎస్5 కొంటున్నది జీటీఏ 6 కోసమే కదా. అదే రాకపోతే ఇప్పుడు కొని ఏం లాభం? మొదట 2025 అన్నారు. ఈ మే నెలలో మాట మార్చి 2026 మే 26 అన్నారు. నవంబరు 6న మళ్లీ మార్చి 2026 నవంబరు 19 అన్నారు. ఇప్పుడు 2027 అని ప్రచారం మొదలైంది. పైగా ధర 100 డాలర్లట. మొదటి ట్రైలర్ 2023 డిసెంబరులో వచ్చింది, రెండేళ్లు నిండాయి. ఇంకెంత కాలం ఎదురుచూడాలి?

చార్మినార్ టెస్టర్ (హైదరాబాద్)

చిన్నా, నేను ఇక్కడ గేమ్ టెస్టింగ్ పనిలో ఉన్నాను. జీటీఏతో నాకు సంబంధం లేదు కాబట్టి దాని లోపలి విషయాలు ఏవీ చెప్పలేను. కానీ చివరి ఆరు నెలల్లో ఒక గేమ్‌కు ఏం జరుగుతుందో చెప్పగలను.

కన్సోల్ మీద గేమ్ అమ్మాలంటే ఆ కన్సోల్ సంస్థ పరీక్షలో నెగ్గాలి. సోనీ దగ్గర దాన్ని టీఆర్‌సీ అంటారు, నింటెండో దగ్గర లాట్‌చెక్. ఒక చిన్న నిబంధన తీసుకో. ఆడుతుండగా కంట్రోలర్ కనెక్షన్ తెగితే గేమ్ ఆగిపోవాలి, మళ్లీ కలపమని తెరపై సందేశం రావాలి. వినడానికి తేలిక. దాన్ని మేము కథా దృశ్యం నడుస్తుండగా పరీక్షించాలి, సేవ్ అవుతున్న క్షణంలో పరీక్షించాలి, లోడింగ్ తెరపై, ఆన్‌లైన్ మ్యాచ్ కోసం వేచి ఉన్నప్పుడు, రెండో కంట్రోలర్ కలిపి ఉన్నప్పుడు, అన్ని చోట్లా. ఎక్కడో ఒక చోట గేమ్ కుప్పకూలుతుంది. ప్రోగ్రామర్ సరిచేసి కొత్త బిల్డ్ (గేమ్ కొత్త ప్రతి) పంపుతాడు. ఆ మార్పు వల్ల ఇంకేదైనా చెడిందేమో చూడటానికి మళ్లీ మొదటికి రావాలి. ఒక్క నిబంధనకే ఇంత పని. జీటీఏ లాంటి నగరంలో ఎన్ని దారులు, ఎన్ని వాహనాలు, ఎంతమంది మనుషులుంటారో ఊహించుకో.

జీటీఏ తయారుచేసే రాక్‌స్టార్ చరిత్ర కూడా చూడు. జీటీఏ 5 2013 వసంతంలో రావాల్సింది, సెప్టెంబరు 17కి వచ్చింది. వాళ్లదే ఇంకో గేమ్ రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 మొదట 2017 అన్నారు, తర్వాత 2018 వసంతం అన్నారు, చివరికి 2018 అక్టోబరు 26న వచ్చింది. అదీ రెండు వాయిదాల తర్వాతే. మూడోసారి చెప్పిన తేదీకి కట్టుబడ్డారు. ఈసారీ అలాగే జరుగుతుందని హామీ ఏమీ లేదు, కానీ 2027 అంటున్నవారి దగ్గర నాకు ఆధారం ఒక్కటీ కనిపించలేదు.

100 డాలర్ల మాట ఈ జనవరిలో మాథ్యూ బాల్ అనే విశ్లేషకుడు రాసిన నివేదికతో పుట్టింది. జీటీఏ 6 ధర 80 నుంచి 100 డాలర్ల మధ్య ఉండాలని పరిశ్రమలో కొందరు ఆశపడుతున్నారని ఆయన రాశారు. ఆశ అన్న మాట దారిలో ఎక్కడో జారిపోయి, ధర ఖరారైనట్టుగా ప్రచారమైంది. రాక్‌స్టార్ మాతృసంస్థ టేక్-టూ ఇప్పటికీ ధర ప్రకటించలేదు. 80 డాలర్లకే జనం ఎలా స్పందించారో చూశాం. ది అవుటర్ వరల్డ్స్ 2 అనే గేమ్‌కి మైక్రోసాఫ్ట్ ముందు 80 చెప్పి, జులైలో వెనక్కి తగ్గి 70కి దించింది.

వాయిదా పడిందని కోపం వస్తే రావచ్చు. కానీ ఆ గదుల్లో రాత్రిళ్లు కూర్చునేవారు మనలాంటి వాళ్లే. బెంగళూరులో కూడా రాక్‌స్టార్ స్టూడియో ఉంది. 2019లో ధ్రువ ఇంటరాక్టివ్ అనే గేమ్ సంస్థను కొని అందులో కలిపారు. ఆరు నెలలు ఎక్కువ తీసుకుని మనుషుల్ని పిండకుండా గేమ్ పూర్తి చేస్తామంటే నేను సంతోషంగా ఎదురుచూస్తాను.

ప్రసాద్ (డాలస్)

గౌతమి గారూ, ధరల విషయం నేను చెబుతాను, ఇక్కడ అమెరికాలో కళ్లారా చూస్తున్నాను కాబట్టి.

పాతబడే కొద్దీ కన్సోల్ చవకయ్యే కాలం పోయింది. పీఎస్2 2000లో 299 డాలర్లకు వచ్చి 2009 నాటికి 99కి దిగింది. పీఎస్5 కథ తలకిందులు. 499 డాలర్లతో మొదలైనది అయిదేళ్ల తర్వాత, ఈ ఆగస్టు 21న 549కి పెరిగింది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ మేలో 499 నుంచి 599కి, అక్టోబరు 3న 649కి ఎక్కింది. నింటెండో వారి 2017 నాటి పాత కన్సోల్ స్విచ్‌ను కూడా వదల్లేదు, ఆగస్టులో దాని ధరా పెంచారు.

ఇప్పుడు మెమరీ చిప్‌లు. ఇది గాలివార్త కాదు. కృత్రిమ మేధ డేటా సెంటర్లు దొరికిన మెమరీనంతా ఎగరేసుకుపోతున్నాయి. కంప్యూటర్లలో వేసుకునే డీడీఆర్5 ర్యామ్ ధర కొద్ది నెలల్లోనే రెట్టింపు దాటింది. డిసెంబరు 3న మైక్రాన్ సంస్థ తన క్రూషియల్ బ్రాండును, అంటే మనలాంటి వాళ్లకు నేరుగా అమ్మే వ్యాపారాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. పీఎస్5లో 16 జీబీ మెమరీ ఉంటుంది, సిరీస్ ఎక్స్‌లోనూ అంతే, స్విచ్ 2లో 12 జీబీ. ఈ సంస్థలు ముందే ఒప్పందాలు చేసుకుని ఉంటాయి కాబట్టి దెబ్బ వెంటనే తగలకపోవచ్చు. కానీ ఆగితే ధర తగ్గుతుందన్న ఆశతో మాత్రం ఆగకండి.

మధు (విశాఖపట్నం)

ఎక్స్‌బాక్స్ గురించి నాలుగు మాటలు. ఎక్స్‌బాక్స్ 360 అనే పాత కన్సోల్ కాలం నుంచి నేను ఎక్స్‌బాక్స్ వాడుతున్నాను. అప్పుడు కొన్న డిస్క్‌లు కొన్ని ఈ రోజుకీ సిరీస్ ఎక్స్‌లో వేస్తే ఆడతాయి. పాత గేమ్‌ను ఇంత గౌరవంగా చూసుకున్న సంస్థ ఇంకోటి లేదని నా అభిప్రాయం.

కన్సోల్ తయారీ మానేస్తారన్న వదంతి అక్టోబరు మొదట్లో పుట్టింది. మైక్రోసాఫ్ట్ వెంటనే ఖండించింది. సొంతంగా రూపొందించి, నిర్మించే భవిష్యత్ కన్సోళ్ల మీద పెట్టుబడి పెడుతూనే ఉన్నామని చెప్పింది. జూన్‌లోనే ఏఎండీతో కలిసి తర్వాతి తరం మీద పని చేస్తున్నట్టు ఎక్స్‌బాక్స్ తరఫున సారా బాండ్ ప్రకటించారు. కాబట్టి మానేస్తున్నారన్నది తప్పుడు వార్త.

కానీ బాధ లేదని చెప్పలేను. నెలవారీ చందాతో గేమ్‌లు ఆడనిచ్చే గేమ్ పాస్ అల్టిమేట్ అమెరికాలో నెలకు 20 డాలర్ల నుంచి ఒక్కసారిగా 30కి పెరిగింది. హేలో, ఎక్స్‌బాక్స్ అంటేనే గుర్తొచ్చే హేలో గేమ్, 2026లో పీఎస్5కి వెళ్తోంది. గేర్స్ ఆఫ్ వార్ ఆగస్టులోనే వెళ్లింది, ఫోర్జా హొరైజన్ 5 ఏప్రిల్‌లో వెళ్లింది. నా కన్సోల్ మీద మాత్రమే దొరికేది ఏదీ మిగలనప్పుడు, రేపు కొత్తగా కొనేవాడు దీన్ని ఎందుకు ఎంచుకుంటాడు?

చిన్నా (తెనాలి)

మధు గారూ, పీఎస్5 ఉన్న నాకు హేలో ఆడే అవకాశం వస్తోంది. అది మంచిదే కదా?

మధు (విశాఖపట్నం)

మంచిదే తమ్ముడూ. తప్పకుండా ఆడు. కథను మాత్రం మధ్యలో వదలకు. కానీ పోటీ ఒకవైపు బలహీనపడితే రెండోవైపు ధర పెంచడానికి భయం ఉండదు. ప్రసాద్ గారు పైన చెప్పిన అంకెలు మళ్లీ ఒకసారి చూడు.

శ్రీధర్ (హనుమకొండ)

మధు గారు ఎక్స్‌బాక్స్ ప్రస్తావన తెచ్చారు కాబట్టి లీకుల గురించి నాకు బాగా గుర్తున్న ఉదంతం చెబుతాను. ఇది 2023 సెప్టెంబరు నాటిది. యాక్టివిజన్ కొనుగోలు కేసులో మైక్రోసాఫ్ట్ సమర్పించిన రహస్య పత్రాలు పొరపాటున బయటికొచ్చాయి. అందులో బ్రూక్‌లిన్ అనే కొత్త సిరీస్ ఎక్స్ ఉంది. గుండ్రటి స్తంభం ఆకారం, డిస్క్ డ్రైవ్ లేదు, 2 టీబీ స్టోరేజి, 2024 నవంబరు తేదీ, బొమ్మలతో సహా. అంతకంటే గట్టి ఆధారం ఎవరైనా కోరగలరా? సంస్థ సొంత పత్రమే. అయినా ఆ కన్సోల్ రాలేదు. అప్పటికే ప్రణాళికలు మారాయని ఎక్స్‌బాక్స్ అధిపతి ఫిల్ స్పెన్సర్ అప్పట్లో అన్నారు. 2024 అక్టోబరులో వచ్చింది పాత పెట్టె ఆకారంలోనే, తెల్ల రంగులో, డిస్క్ డ్రైవ్ లేకుండా.

అదే పత్రాల్లో ఆబ్లివియన్ రీమాస్టర్ (పాత గేమ్‌కు మెరుగుపరచిన రూపం) అనే పేరు 2022 ఆర్థిక సంవత్సరం కింద ఉంది. 2022 పోయింది, 2023 పోయింది, అందరూ ఆశ వదులుకున్నారు. 2025 ఏప్రిల్ 22న ముందస్తు ప్రచారం లేకుండా ఒక్కసారిగా విడుదలైంది. పక్కనే ఉన్న ఫాల్అవుట్ 3 రీమాస్టర్ ఇంకా రాలేదు.

ఆ రోజు సంస్థ ఏం అనుకుందో చెప్పడానికే లీకైన పత్రం పనికొస్తుంది. రేపు ఏం చేస్తుందో దాన్ని చూసి చెప్పలేం. నేను వదంతి చదివిన ప్రతిసారీ ముందు ఈ తేడానే చూసుకుంటాను.

బెజవాడ మారియో (విజయవాడ)

నింటెండో ఊసే ఎవరూ ఎత్తలేదు! స్విచ్ 2 జూన్ 5న వచ్చి మొదటి నాలుగు రోజుల్లోనే 35 లక్షలు దాటింది. సెప్టెంబరు చివరికి కోటీ మూడు లక్షల పైమాటే.

వదంతుల పాఠం మా దగ్గరే ఎక్కువ. 2021లో 4కే (ఫుల్ హెచ్‌డీ కంటే స్పష్టమైన చిత్రం) స్విచ్ వస్తోందని పెద్ద పెద్ద వార్తాసంస్థలే రాశాయి. జులైలో నింటెండో ప్రకటించింది ఓఎల్ఈడీ తెర ఉన్న స్విచ్. లోపల చిప్ అదే. నిజమైన 4కే యంత్రం రావడానికి మరో నాలుగేళ్లు పట్టింది. ఇంకో వైపు 2016 జులైలో యూరోగేమర్ పత్రిక, కొత్త నింటెండో చేత్తో పట్టుకునే యంత్రమనీ, కంట్రోలర్లు ఊడి వస్తాయనీ రాసింది. అక్షరాలా అదే నిజమైంది.

గౌతమి గారూ, తమ్ముడు స్విచ్ 2 వైపు మొగ్గితే ఒక జాగ్రత్త. నింటెండో మన దేశంలో అధికారికంగా అమ్మడం లేదు. దొరికేవన్నీ బయటి నుంచి తెచ్చినవే. నా పాత స్విచ్ చార్జింగ్ చెడిపోయినప్పుడు అమ్మిన దుకాణం వారు తమకు సంబంధం లేదన్నారు, మరమ్మతుకు నా డబ్బే పోయింది.

మరొకటి, పాత మైక్రోఎస్‌డీ కార్డు వేస్తే పాత ఫొటోలు, వీడియోలు తెచ్చుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. గేమ్‌లు దాచుకోవాలంటే మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ అని రాసి ఉన్న కార్డే కావాలి. గేమ్ కొనేటప్పుడు పెట్టె ముందు భాగం కింద చూడండి. గేమ్-కీ కార్డ్ అని ఉంటే ఆ కార్డులో గేమ్ ఉండదు, తాళం మాత్రమే ఉంటుంది. ఇంటికొచ్చి మొత్తం డౌన్‌లోడ్ చేసుకోవాలి, ఆడిన ప్రతిసారీ కార్డు పెట్టాలి. స్ట్రీట్ ఫైటర్ 6 అలాంటిదే. సైబర్‌పంక్ 2077 మాత్రం 64 జీబీ కార్డులో పూర్తిగా ఇచ్చారు. డబ్బు పెట్టి కొన్న పెట్టెలో గేమ్ ఉండాలని కోరడం అత్యాశ కాదు. పదేళ్ల తర్వాత ఆ సర్వర్ ఆగిపోతే నా అలమరాలో మిగిలేది ప్లాస్టిక్ ముక్క.

గౌతమి (రాజమహేంద్రవరం)

అందరికీ ధన్యవాదాలు. ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. తమ్ముడికి అన్నీ చదివి వినిపించాను. వాడి తాజా వాదన: కొంటే పీఎస్5లో మరింత శక్తిమంతమైన రకం, పీఎస్5 ప్రో కొందాం, లేకపోతే ఆగుదాం. మన దేశంలో ప్రో ఎందుకు దొరకడం లేదు? త్వరలో వస్తుందన్న మాట నిజమేనా?

చార్మినార్ టెస్టర్ (హైదరాబాద్)

అసలు అడ్డంకి వైఫై. ప్రోలో వైఫై 7 ఉంది, అది 6 గిగాహెర్ట్జ్ బ్యాండు వాడుతుంది. మన దేశంలో ఆ బ్యాండును లైసెన్సు లేకుండా వాడేందుకు అనుమతి లేదు కాబట్టి ఇక్కడ అమ్మలేమని సోనీయే 2024లో చెప్పింది. ఈ ఏడాది మేలో కేంద్రం 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ వరకు వదిలేస్తూ ముసాయిదా నిబంధనలు ఇచ్చింది. వస్తుందన్న ఆశకు ఆధారం అదే. తుది నిబంధనలు వచ్చాక కూడా అమ్మాలా వద్దా అన్నది సోనీ ఇష్టం.

మీ టీవీ ఏమిటో చెప్పలేదు. 4కే కాకపోతే ప్రోకు పెట్టే అదనపు డబ్బు దండగ.

ప్రసాద్ (డాలస్)

ఎవరో ఒకరి చేత ఇక్కడి నుంచి ప్రో తెప్పించుకుందామని అనుకుంటారేమో. కరెంటు సమస్య లేదు, 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేస్తుంది. గేమ్ డిస్క్‌లకూ ప్రాంతం తాళం లేదు, ఏ దేశంలో కొన్నవైనా ఆడతాయి. కానీ ఇక్కడ దాని ధర ఇప్పుడు 749 డాలర్లు, అక్కడ దిగాక కస్టమ్స్ సుంకం, చెడిపోతే వారంటీ చెల్లదు. నా సొంత తమ్ముడు అడిగినా వద్దనే చెప్పాను.

చిన్నా (తెనాలి)

చివరగా ఒక సందేహం. రోజూ పది వీడియోలు వస్తాయి, అందరూ తమకు లోపలి సమాచారం ఉందనే అంటారు. ఎవరిని నమ్మాలో మీరు ఎలా తేల్చుకుంటారు?

శ్రీధర్ (హనుమకొండ)

చిన్నా, నేను మనిషిని కాక దారిని చూస్తాను. ఆ సమాచారం ఏ దారిలో బయటికి వచ్చి ఉంటుంది? గేమ్ అమ్మాలంటే అది ఏ వయసు వారికి తగినదో చెప్పే రేటింగ్ తప్పదు. కొరియా రేటింగ్ సంస్థ జాబితాలో ప్రకటించని గేమ్ పేరు కనిపించడం ఎన్నోసార్లు జరిగింది. అలా వచ్చిన పేరును దాదాపు నమ్మవచ్చు. కన్సోల్ విషయంలో, తయారీదారు గేమ్ స్టూడియోలకు పత్రాలు పంపిన తర్వాత వచ్చే లీకుకు బరువెక్కువ. పీఎస్5 ప్రో వివరాలు 2024 మార్చిలో అలాగే వచ్చాయి. గ్రాఫిక్స్ వేగం 45 శాతం ఎక్కువని అప్పుడు అన్నారు, సెప్టెంబరులో సోనీ ప్రకటించినప్పుడు అదే అంకె చెప్పింది.

స్టూడియోలకు ఇంకా ఏదీ చేరని దశలో ఎవరైనా ధర, తేదీ, ఆకారం అన్నీ చెబుతున్నారంటే నేను చదవను. పీఎస్6 ధర చెబుతున్న వీడియోలన్నీ ఇప్పుడు ఆ కోవలోనివే.

చార్మినార్ టెస్టర్ (హైదరాబాద్)

దీనికి ఒకటి కలుపుతాను. లీకును పండగలా జరుపుకునేవారు ఒక్కసారి అవతలి వైపు చూడండి. 2022 సెప్టెంబరులో జీటీఏ 6 పనిలో ఉండగా 90 వీడియోలు దొంగిలించి బయటపెట్టారు. సగం కట్టిన గోడలు, రంగులు లేని మనుషులు. దాన్ని చూసి గ్రాఫిక్స్ బాగాలేవని జనం రాశారు. ఏళ్ల తరబడి చేస్తున్న పనిని అసంపూర్తిగా ఊరంతా చూస్తే ఎలా ఉంటుందో మా వాళ్లకు తెలుసు. అలాంటి వీడియోలు నేను పంచను, ఎవరైనా పంపితే చూడను.

గౌతమి (రాజమహేంద్రవరం)

మా టీవీ మామూలు ఫుల్ హెచ్‌డీ. ప్రో వాదన అక్కడితో తీరిపోయింది. డిస్క్ ఉన్న పీఎస్5 కొంటున్నాం, పండుగ దాకా ఆగకుండా ఈ నెలలోనే. పీఎస్4లో ఉన్న గేమ్‌లు, సేవ్‌లు కొత్తదానికి తీసుకెళ్లవచ్చా? ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో చాలా ఉన్నాయి. మా దగ్గరున్న రెండు పాత కంట్రోలర్లు పనికొస్తాయా?

శ్రీధర్ (హనుమకొండ)

మంచి నిర్ణయం. ఆ హార్డ్ డిస్క్‌ను తీసి పీఎస్5కి పెట్టేయండి, అందులోని పీఎస్4 గేమ్‌లు అక్కడి నుంచే ఆడతాయి. డిస్క్‌లో కొన్నవాటికి మాత్రం డిస్క్ పెట్టాలి. పీఎస్5 గేమ్‌లు ఆ హార్డ్ డిస్క్ నుంచి ఆడవు, వాటికి లోపలి స్టోరేజే కావాలి, చాలకపోతే తర్వాత లోపల అమర్చే ఎం.2 ఎస్ఎస్‌డీ (వేగమైన స్టోరేజి) వేసుకోవచ్చు. సేవ్‌ల కోసం రెండు కన్సోళ్లనూ ఒకే వైఫైకి కలిపి మొదటి సెటప్‌లోనే బదిలీ చేసుకోండి. బదిలీ పూర్తయ్యే దాకా పాతదాన్ని ఎవరికీ ఇవ్వకండి.

పాత కంట్రోలర్లతో పీఎస్4 గేమ్‌లే ఆడగలరు, పీఎస్5 గేమ్‌లకు అవి పనిచేయవు. ఇద్దరూ కలిసి ఆడాలంటే రెండో డ్యూయల్‌సెన్స్ (పీఎస్5 కంట్రోలర్) ఖర్చు ఇప్పుడే లెక్కలో వేసుకోండి.